ఎక్స్‌రే నార్మల్ అన్నారు, మూడు వారాలైనా మణికట్టు నొప్పి తగ్గలేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లెటూరు. మా తమ్ముడికి 22 ఏళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. మూడు వారాల కింద బండి మీద వస్తూ మలుపులో ఇసుక మీద జారి పడ్డాడు. పడేటప్పుడు కుడిచెయ్యి నేలకు ఆనించాడట. ఆ రాత్రే ఎక్స్‌రే తీయిస్తే నార్మల్ అన్నారు. బెణికిందని క్రేప్ బ్యాండేజ్ చుట్టి, ఐదు రోజులకు మాత్రలిచ్చారు. వాపు తగ్గింది గానీ నొప్పి పోలేదు. బొటనవేలి మొదట్లో పట్టేస్తోందంటాడు. నిండు బకెట్ ఎత్తలేడు, దండీలు తీయలేడు, బండి యాక్సిలరేటర్ తిప్పితే అబ్బా అంటాడు. అమ్మ రెండుసార్లు నూనె రాసి తోమించింది. ఇప్పుడు కట్టు కట్టే ఆయన దగ్గరికి పోదామంటోంది. నాన్నేమో "బొక్క ఇరిగితే చెయ్యి ఆడుతదా? ఎక్స్‌రేల ఏం లేదన్నరు గదా, ప్రాక్టీస్ ఎగ్గొట్టనీకి నాటకాలు" అని తిడుతున్నారు. ఇది బెణుకేనా? ఎక్సర్‌సైజులు చేయిస్తే తగ్గుతుందా? ఆపరేషన్ అంటారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి మాట నమ్మండి. అవి నాటకాలు కావు. చెయ్యి చాచి పడ్డాడన్నారు, బొటనవేలి మొదట్లో నొప్పి అన్నారు, మూడు వారాలైనా తగ్గలేదన్నారు. ఇరవై, ముప్ఫై ఏళ్లలోపు కుర్రాడు ఈ మూడు మాటలూ కలిపి చెప్పాడంటే ఏ ఎముకల డాక్టర్‌కైనా ముందుగా వచ్చే అనుమానం ఒకటే, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చని. ఉత్తరం చదివి విరిగిందని నేను తేల్చలేను. కానీ ఈ ఎముక విషయంలో మా లెక్క వేరుగా ఉంటుంది. విరగలేదని రుజువయ్యేదాకా విరిగినట్టే చూసుకోవాలి. అందుకే ఎక్సర్‌సైజులు, తోమడం, దండీలు ఈ రోజు నుంచే ఆపేయండి.

మణికట్టు పైకి ఒకే కీలులా కనిపిస్తుంది. లోపల మాత్రం గులకరాళ్లు పేర్చినట్టు 8 చిన్న ఎముకలు రెండు వరుసల్లో ఉంటాయి. వాటిలో బొటనవేలి వైపు ఉండేది స్కాఫాయిడ్. గ్రీకు భాషలో పడవ అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. నాకైతే జీడిపప్పే గుర్తొస్తుంది, సైజూ వంపూ కాస్త పెద్ద జీడిపప్పు లాగానే ఉంటాయి. ఈ ఒక్క ఎముక రెండు వరుసలకీ మధ్య వారధిలా నిలబడుతుంది. అరచెయ్యి నేలకు కొట్టుకుని మణికట్టు వెనక్కి విరుచుకుంటే మనిషి బరువంతా దాని నడుం మీద పడుతుంది. ఎక్కువగా విరిగేదీ ఆ నడుం దగ్గరే.

నాన్నగారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. బొక్క విరిగితే చెయ్యి ఆడుతుందా? ఆడుతుంది. స్కాఫాయిడ్‌లో వచ్చే పగులు చాలాసార్లు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ముక్కలు పక్కకు జరగవు, చుట్టూ ఉన్న నరాలు, కండరాలు బాగానే ఉంటాయి. అందుకే వేళ్లు ఆడతాయి, అన్నం కలుపుకోవచ్చు, ఫోన్ పట్టుకోవచ్చు. చెయ్యి వంకర పోదు, వాపు కూడా వారంలో దిగిపోతుంది. గట్టిగా పట్టుకోవాల్సి వచ్చినప్పుడు, మెలి తిప్పినప్పుడు, అరచేతి మీద బరువు వేసినప్పుడు మాత్రం నొప్పి బయటపడుతుంది. మీరు రాసిన బకెట్, యాక్సిలరేటర్, దండీలు సరిగ్గా ఈ మూడు పనులే.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. తమ్ముణ్ణి బొటనవేలు పైకెత్తి కాస్త వెనక్కి వంచమనండి, బస్సు ఆపడానికి వేలు చూపించినట్టు. వేలి మొదట్లో, మణికట్టు పక్కన రెండు తాళ్లు బిగుసుకుని పైకి లేస్తాయి. వాటి మధ్యన చిన్న గుంట పడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ గుంటను స్నఫ్ బాక్స్ అంటారు, ముక్కుపొడి డబ్బా అన్నమాట. పూర్వం అక్కడ చిటికెడు ముక్కుపొడి పోసుకుని పీల్చేవాళ్లట. ఆ గుంట అడుగునే స్కాఫాయిడ్ ఉంటుంది. చూపుడువేలి కొసతో అక్కడ మెల్లగా నొక్కండి. ముందు బాగున్న ఎడమచేతికి నొక్కి, తర్వాత కుడిచేతికి నొక్కితే తేడా తెలుస్తుంది. ఆ గుంటలో నొక్కితే మామూలు మనిషికి కూడా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది కాబట్టి రెండు చేతులూ పోల్చి చూడడం ముఖ్యం.

తర్వాత అరచెయ్యి వైపు తిప్పి, మణికట్టు గీత మీద బొటనవేలి కింద తగిలే చిన్న బుడిపె మీద నొక్కండి. చివరగా అతని బొటనవేలు పట్టుకుని, కర్రను నేలలోకి దించినట్టు నిదానంగా మణికట్టు వైపు నెట్టండి. మూడు చోట్లా కుడిచేతికి మాత్రమే నొప్పి వస్తే అనుమానం బాగా బలపడినట్టే. నొప్పి లేకపోయినా సరే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకోవద్దు. మూడు వారాల నొప్పికి కారణం ఏదో ఒకటి ఉంటుంది.

మరి ఎక్స్‌రేలో ఎందుకు కనబడలేదంటారా? ఆ రాత్రి చూసిన డాక్టర్‌ని తప్పుపట్టాల్సిన పని లేదు. వంపు తిరిగిన చిన్న ఎముక, చుట్టూ మిగతా ఎముకల నీడలు, పగులేమో తాజాది, సన్నది. మొదటి రోజు ఫిల్మ్‌లో అది కనబడకపోవడం కొత్తేమీ కాదు. మణికట్టును చిటికెనవేలి వైపుకి వంచి స్కాఫాయిడ్ కోసమే ప్రత్యేకంగా తీసే ఎక్స్‌రే ఒకటుంది. మామూలుగా తీసే రెండు ఫిల్ముల్లో అది ఉండదు. అందుకని అనుమానం ఉంటే ఎక్స్‌రే బాగున్నా చేతికి కట్టు వేసి 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయించాలనేది పద్ధతి. ఆ రెండు వారాల్లో పగులు అంచుల దగ్గర ఎముక కొంచెం అరిగి గీత వెడల్పవుతుంది, అప్పుడు కంటికి దొరుకుతుంది. మీ తమ్ముడి విషయంలో జరగనిది ఆ రెండో ఎక్స్‌రే.

ఇంత పొడుగ్గా రాయడానికి నాకొక కారణం ఉంది. చదువు పూర్తయిన కొత్తలో క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా ఒక లారీ క్లీనర్ కుర్రాడు వచ్చాడు. లారీ మీంచి దిగబోయి జారి చెయ్యి ఆనించాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. బెణుకు అని చీటీ మీద రాసి పంపించేశాను. నొప్పి తగ్గకపోతే రెండు వారాలకు రమ్మని ఒక్క మాట చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. జాకీ రాడ్డు తిప్పలేకపోతున్నానని, ఓనరు పనిలోంచి తీసేస్తానంటున్నాడని చెప్పాడు. ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూస్తే ఎముక రెండు ముక్కలై, మధ్యలో నల్లటి ఖాళీ. ముక్కల అంచులు నున్నగా గుండ్రపడి ఉన్నాయి. అంటే అతుక్కునే ప్రయత్నం కూడా ఆగిపోయిందన్నమాట. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఫిల్మ్ మాత్రం నాకింకా కళ్లముందే ఉంది.

మిగతా ఎముకలు ఎలాగోలా అతుక్కుంటాయి కదా, దీనికే ఎందుకింత గొడవ అంటే కారణం రక్తసరఫరా. మీది ఖమ్మం కాబట్టి సాగర్ ఎడమ కాలువతో చెబితే వెంటనే అర్థమవుతుంది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందాలంటే పైనుంచి చివరిదాకా ఎక్కడా తెగకూడదు. మధ్యలో గండి పడితే పైనున్న పొలం పండుతుంది, చివరి పొలం ఎండుతుంది. స్కాఫాయిడ్‌కి రక్తం చాలావరకు వేళ్ల వైపు కొస నుంచి లోపలికి వచ్చి, వెనక్కి మోచేతి వైపు పారుతుంది. పైగా ఎముక చుట్టూ ఎక్కువ భాగం మృదులాస్థి, అంటే కీళ్లలో ఉండే నున్నటి పొర, కప్పి ఉంటుంది, రక్తనాళాలు దూరడానికి వేరే దారులు తక్కువ. నడుం దగ్గర విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం సరిగా అందదు. అందుకే నిదానంగా అతుక్కుంటుంది. చెయ్యి కదులుతూ ఉంటే అతుక్కోకుండా మిగిలిపోతుంది, ఒక్కోసారి ఆ వెనక ముక్క చచ్చుబడుతుంది. అలా వదిలేస్తే మణికట్టు ఎముకల పొందిక చెదిరి, కొన్నేళ్లకు కీలు అరిగిపోతుంది. అరవై ఏళ్లకు రావాల్సిన కీళ్లనొప్పి ముప్ఫైల్లోనే వస్తుంది.

ఎంత త్వరగా కదలకుండా కట్టేస్తే అంత మంచిది. నాలుగు వారాలు దాటాక వైద్యం మొదలుపెడితే అతుక్కోని కేసులు పెరుగుతాయని మాకు బాగా తెలిసిన విషయం. మీరింకా మూడు వారాల దగ్గరే ఉన్నారు. పండగయ్యాక చూద్దాం, పరీక్ష అయ్యాక చూద్దాం అనకుండా ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కి చూపించండి. వెళ్లి "చెయ్యి నొప్పి" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. చెయ్యి చాచి పడ్డాడని, గుంటలో నొక్కితే నొప్పి ఉందని, స్కాఫాయిడ్ అనుమానం ఉందేమో చూడమని అడగండి. అలా అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోరు. స్కాఫాయిడ్ ఎక్స్‌రేలు మళ్లీ తీస్తారు. అందులోనూ తేలకపోతే ఎమ్మారై చేయించమంటారు, దాంట్లో దాదాపు తప్పించుకోదు. పగులు కనిపించి, ముక్కలు ఎంత జరిగాయో కచ్చితంగా తెలియాలంటే సీటీ స్కాన్ తీస్తారు. ఎమ్మారై ఖర్చు గురించి బెంగపడతారని తెలుసు. కానీ అతుక్కోని ఎముకకు తర్వాత చేయాల్సిన ఆపరేషన్ ముందు అది చిన్న ఖర్చే.

ఇప్పుడు ఆపరేషన్ భయం. ఇది మీ తమ్ముడి ఎముక ఎక్కడ విరిగింది, ముక్కలు జరిగాయా లేదా అనేదాన్ని బట్టి ఉంటుంది. వేళ్ల వైపు కొసలో విరిగితే రక్తం బాగా అందుతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల సిమెంట్ కట్టుతో సరిపోతుంది. నడుం దగ్గర విరిగి, ముక్కలు జరక్కుండా ఉంటే మోచేతి కిందివరకు కట్టు వేసి 6 నుంచి 8 వారాలు ఉంచి చూస్తారు, కొందరికి 12 వారాలు కూడా పడుతుంది. కట్టులో బొటనవేలు కూడా కలిపేయాలా వద్దా అనేది డాక్టర్‌ని బట్టి మారుతుంది. నడుం దగ్గరి పగుళ్లకు రెండు పద్ధతుల్లోనూ ఫలితం ఇంచుమించు ఒకటే, దాని గురించి గాబరా పడక్కర్లేదు. మోచేతి వైపు కొసలో విరిగినా, ముక్కలు బాగా పక్కకు జరిగినా స్క్రూ వేయించుకోవడమే మేలు. తల లేని చిన్న స్క్రూ అది, ఎముక లోపలే ఇమిడిపోతుంది. ఆస్ట్రేలియా సర్జన్ హెర్బర్ట్ దాన్ని తయారుచేశాడు కాబట్టి ఇప్పటికీ హెర్బర్ట్ స్క్రూ అనే అంటాం.

ముక్కలు పెద్దగా జరగకపోయినా త్వరగా పనిలోకి వెళ్లొచ్చని ఆపరేషన్‌కి తొందరపెట్టే వాళ్లుంటారు. బ్రిటన్‌లో 439 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. నడుం దగ్గర విరిగి, ముక్కలు 2 మిల్లీమీటర్ల లోపే జరిగిన వాళ్లను రెండు గుంపులు చేశారు. కొందరికి వెంటనే స్క్రూ వేశారు. మిగతా వాళ్లకు కట్టు వేసి, అతుక్కోని కొద్దిమందికి మాత్రం తర్వాత స్క్రూ వేశారు. ఏడాది తర్వాత రెండు గుంపుల చేతులూ ఒకేలా పనిచేశాయి. అందుకని మీ తమ్ముడిది ఈ కోవలోకి వస్తే, కట్టుతో మొదలుపెడదామని చెప్పే డాక్టర్ సరైన మాటే చెబుతున్నట్టు. మూడు వారాలు ఆలస్యమైన సంగతి కూడా ఆయన లెక్కలోకి తీసుకుంటారు. ఒకవేళ ఆపరేషన్ తప్పదంటే, ఆరోగ్యశ్రీ ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఇది వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

అమ్మగారితో నేను చెప్పినట్టు చెప్పండి. నాటు కట్టు మీద ఆమెకున్న నమ్మకం ఊరికే రాలేదు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ముంజేతి ఎముక జరక్కుండా విరిగితే, వెదురు బద్దలు పెట్టి కదలకుండా ఉంచినా అతుక్కుంటుంది. ఎముకకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది. స్కాఫాయిడ్‌కి తక్కువగా ఉన్నదే ఆ గుణం. లోపల ముక్కలు ఎలా ఉన్నాయో ఫిల్మ్ లేకుండా చేత్తో తడిమి ఎవరికీ తెలియదు. వారం వారం విప్పి తోమి మళ్లీ కడితే, అతుక్కోబోతున్నది కాస్తా కదిలిపోతుంది. ఎవరు కట్టిన కట్టయినా సరే, ఆస్పత్రిలో వేసిన సిమెంట్ కట్టయినా సరే, వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా వెళ్లి వదులు చేయించాలి.

నల్లేరు పచ్చడి, బొక్కల సూప్ పెట్టొచ్చా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఇష్టంగా తింటే పెట్టండి. పాలు, గుడ్లు, పప్పు, రాగిజావ కూడా పెట్టండి. అవి తిండి కిందే లెక్క, కట్టుకు బదులు కావు. ఒకటి మాత్రం అతన్ని పక్కకు పిలిచి అడగండి, సిగరెట్ తాగుతాడా అని. నాన్నగారి ముందు అడిగితే లేదనే చెబుతాడు. సిగరెట్ తాగేవాళ్లలో ఈ ఎముక అతుక్కోకపోవడం బాగా ఎక్కువ. కట్టు ఉన్నన్నాళ్లయినా పూర్తిగా మానేయాలి.

ఈవెంట్స్ సంగతి అతనికి అన్నింటికన్నా పెద్ద బెంగ అయివుంటుంది. కానిస్టేబుల్ షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు. ఆ బరువంతా వెనక్కి వంగిన మణికట్టు మీదే ఆనుతుంది, విరిగిన భంగిమ కూడా అదే. అతుక్కుందని ఎక్స్‌రేలోనో సీటీలోనో తేలేదాకా గుండు ముట్టుకోకూడదు, దండీలు తీయకూడదు. కట్టు తీసిన రోజు చెయ్యి కర్రలా బిగుసుకుపోయి, సన్నబడి ఉంటుంది. దానికి భయపడొద్దు, ఫిజియోథెరపీతో కొన్ని వారాల్లో దారికొస్తుంది. మొత్తం మూడు, నాలుగు నెలలు అనుకోండి. ఈలోగా బస్కీలు తీయొచ్చు, నడక సాగించొచ్చు, రాతపరీక్షకు చదువుకోవచ్చు. పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో చూసే డాక్టర్‌ని అడగండి, ఆ చేత్తో మళ్లీ పడితే మొదటికి వస్తుంది. వేళ్లు మాత్రం కట్టు వేసిన మొదటి రోజు నుంచీ ముడుస్తూ చాస్తూ ఉండాలి.

ఈ జవాబు చదివే మిగతా ఇళ్లవాళ్లకు కూడా ఒక మాట. యాభై దాటిన అమ్మలు బాత్రూంలో జారి చెయ్యి ఆనిస్తే సాధారణంగా విరిగేది స్కాఫాయిడ్ కాదు, ముంజేతి ఎముక చివర. డబ్లిన్ సర్జన్ అబ్రహం కోలీస్ 1814లోనే దాని గురించి రాశాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో, అంటే ఆయన కంటితో చూసి, చేత్తో తడిమి చెప్పాడు. చెయ్యి బోర్లా పెట్టిన ఫోర్కులా వంకర తిరుగుతుంది కాబట్టి దీన్ని ఇంట్లోవాళ్లే గుర్తుపట్టగలరు. వాపు పెరిగేలోపే గాజులు, ఉంగరాలు తీసేయండి. మందపాటి అట్టముక్క కింద పెట్టి చున్నీతో వదులుగా కట్టి, మెడకు వేలాడదీసి తీసుకెళ్లండి. లాగి సరిచేయాలని చూడొద్దు. చర్మం చిరిగి ఎముక కనిపిస్తున్నా, వేళ్లకు స్పర్శ తెలియకపోయినా ఆ రాత్రికి రాత్రే వెళ్లాలి. ఆ వయసులో చిన్నగా జారితేనే విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో కూడా చూపించుకోవాలి. లేకపోతే తర్వాత విరిగేది తుంటి కావచ్చు.

మీ సంగతికొస్తే, డాక్టర్‌కి చూపించేలోపు మెడికల్ షాపులో బొటనవేలిని కూడా పట్టి ఉంచే మణికట్టు స్ప్లింట్ దొరుకుతుంది. అది పెట్టించండి, రాత్రి నిద్రలో కూడా తీయొద్దు. బండి నడపనివ్వకండి. మొదటి రోజు తీసిన ఎక్స్‌రే ఫిల్మ్ ఇంట్లో ఎక్కడుందో వెతికి, మడత పడకుండా వెంట తీసుకెళ్లండి, కొత్తది దాని పక్కన పెట్టి చూస్తే మార్పు తెలుస్తుంది. రిపోర్టు వచ్చాక అందులో ఎముక ఏ భాగమని రాసి ఉందో, ముక్కలు ఎన్ని మిల్లీమీటర్లు జరిగాయని ఉందో ఉన్నదున్నట్టు రాసి పంపండి. తర్వాత ఏం చేయాలో చూద్దాం.